మెదక్ కిటికీలోంచి లండన్



మన మెదక్ చర్చిలోని మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు చూడనివారు ఈ జిల్లాలో తక్కువ. బలిపీఠం వెనక ఉత్తరాన క్రీస్తు ఆరోహణం, పడమట జననం, తూర్పున సిలువ. మొదటిది 1927లో, రెండోది 1947లో, మూడోది 1958లో అమర్చారు. పగటిపూట లోపల నిలబడితేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. బయటనుంచి చూస్తే నల్లటి గాజు, సీసపు గీతలు, అంతే. పొద్దుగూకితే లోపలనుంచి చూసినా అంతే. క్రిస్మస్ నాడు జనంలో ఒకరినొకరు ఒరుసుకుంటూ నడుస్తూ, తల పైకెత్తి చూసి, దండం పెట్టుకుని వస్తాం. వాటిని గీసినాయన ఎవరని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు.

ఆయన పేరు ఫ్రాంక్ సాలిస్‌బరీ. 1874లో పుట్టి 1962లో పోయిన ఇంగ్లిషు చిత్రకారుడు. బ్రిటిష్ రాజకుటుంబాన్ని, చర్చిల్‌ను, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మలు గీసినవాడు. ఆయన చేతి చిత్రం ఇంకొకటి లండన్ నడిబొడ్డున, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు ఎదురుగా రాయల్ ఎక్స్చేంజ్ అనే భవనం గోడ మీద ఉంది. 1912 నాటిది. ఎప్పుడో రోమన్లు కట్టగా పాడుబడిపోయిన లండన్ కోటగోడను ఆల్‌ఫ్రెడ్ రాజు మళ్లీ కట్టిస్తున్న దృశ్యం అది. లండన్ గోడ మీద బొమ్మ వేసిన చెయ్యి, మెదక్ కిటికీలో బొమ్మ వేసిన చెయ్యి ఒకటే.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ లండన్ గురించే. యూరప్‌లోని పాత రాజధానులన్నిటిలోకీ మన తెలుగువాళ్లకు ఎక్కువ దారి పడ్డది ఆ ఊరికి. మన పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఈస్ట్ హామ్‌లో, హౌన్‌స్లోలో వీధుల్లో నడుస్తుంటే తెలుగు చెవిన పడుతుంది. కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో ఆరునెలల వీసా మీద వెళ్లొచ్చే తల్లిదండ్రులు మన ఊళ్లోనూ ఉన్నారు. పిల్లలు ప్రేమగానే తిప్పుతారు. లండన్ ఐ అనే పెద్ద చక్రం ఎక్కిస్తారు, టవర్ బ్రిడ్జి ముందు నిలబెట్టి ఫోటో తీస్తారు, రాజుగారి ప్యాలెస్ గేటు చూపిస్తారు. పెద్దవాళ్లు తిరిగొచ్చి, బాగుంది, చల్లగా ఉంది, రోడ్లు శుభ్రంగా ఉన్నాయి అంటారు. ఇంతేనా అనిపిస్తుంది నాకు. రెండువేల ఏళ్ల ఊరు అది. మన చరిత్రలో ఒక ముక్క అక్కడ ఉంది. దాన్ని మెదక్ మనిషిగా చూడాలంటే ఎక్కడ నిలబడాలో, ఏం వెతకాలో చెప్పటానికే ఈ ప్రసంగం.

టవర్ హిల్ అనే మెట్రో స్టేషన్ దగ్గర మొదలుపెట్టండి. అక్కడ మెట్రోను ట్యూబ్ అంటారు. స్టేషన్ బయటికి రాగానే చిన్న తోట, అందులో ఒక రోమన్ చక్రవర్తి విగ్రహం, దాని వెనక ఎత్తైన గోడ ముక్క. అందరూ ఎదురుగా కనిపించే టవర్ కోట వైపు పరుగెత్తుతుంటారు కాబట్టి ఈ గోడ దగ్గర జనం ఉండరు. దగ్గరికి వెళ్లి కింది భాగం చూడండి. చెక్కిన రాళ్ల వరసలు కొన్ని, వాటి మీద ఎర్రటి పెంకు ఇటుకల వరస, మళ్లీ రాళ్లు, మళ్లీ ఎర్ర వరస. ఆ ఎర్రగీత కనిపించినంతమేరా రోమన్ల పని, సుమారు క్రీస్తుశకం 200 ప్రాంతానిది. ఆ పైన వంకరటింకరగా పేర్చిన రాళ్లన్నీ తర్వాతి శతాబ్దాల రాజులు ఎత్తు పెంచినవి. వాళ్లు పాతగోడను పడగొట్టలేదు, దాని మీదే కట్టుకున్నారు.

ఆ గోడ లేచేనాటికి మన దగ్గర శాతవాహనుల పాలన ముగింపుకు వస్తోంది. ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, ఒకప్పుడు మన ఉమ్మడి మెదక్ జిల్లాలోనే ఉన్న కొండాపూర్ మీకు తెలిసే ఉంటుంది. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడి దిబ్బను తవ్వితే శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. వాటితోపాటు రోమ్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. అంటే లండన్‌లో గోడ కట్టిన సామ్రాజ్యపు సొమ్ము అంతకుముందే మన మంజీర నది ప్రాంతం దాకా వచ్చి వ్యాపారంలో చేతులు మారింది. ఈ ముక్క తెలిసి ఆ గోడ ముందు నిలబడితే చూసే చూపే వేరుగా ఉంటుంది. కొండాపూర్‌లో మ్యూజియం ఉంది. లండన్ టికెట్టు కొనేముందు ఒక పూట అక్కడికి వెళ్లిరండి.

రోమన్ లండన్ ఇంకా చాలాచోట్ల నేల కింద ఉంది. గిల్డ్‌హాల్ అనే పాత నగరపాలక భవనం ముందున్న ఆవరణలో, నేల మీద పరిచిన బండల్లో నల్లని వంపుగీత ఒకటి పెద్ద గుండ్రంగా తిరుగుతుంది. దాని అడుగున రోమన్లు పోటీలు, పోరాటాలు చూసిన ప్రదర్శనశాల ఉంది. 1988లో బయటపడింది. అక్కడి చిత్రశాలలోంచి మెట్లు దిగి చూడవచ్చు. ఆ దగ్గర్లోనే ఈ మధ్య కట్టిన బ్లూమ్‌బర్గ్ కంపెనీ అద్దాల భవనం కింద మిత్ర దేవుడికి రోమన్లు కట్టిన గుడి పునాదులున్నాయి. 1954లో కనిపెట్టారు, 2017 నుంచి ఇప్పుడున్న చోట చూపిస్తున్నారు. పైన కంప్యూటర్ల ముందు వేలమంది పనిచేస్తుంటారు, కింద దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల గుడి. పాత లండన్ ఒకరోజు, కొత్త లండన్ ఒకరోజు అని పిల్లలు పట్టిక వేస్తుంటారు. అలా విడదీయనక్కర్లేదు, ఒకే మెట్ల దారిలో రెండూ కనిపిస్తాయి.

అక్కడినుంచి నాలుగడుగులు వేస్తే మనం మొదట చెప్పుకున్న రాయల్ ఎక్స్చేంజ్. 1571లో మొదటి ఎలిజబెత్ రాణి ప్రారంభించిన వర్తకుల కూడలి. రెండుసార్లు కాలిపోయింది. ఇప్పుడున్నది 1844లో తెరిచిన మూడో భవనం. లోపల ఈనాడు నగలు, గడియారాల దుకాణాలు, కాఫీ తాగే బల్లలు. ఆ చుట్టు గోడల మీద లండన్ చరిత్రను చెప్పే పెద్ద పెద్ద చిత్రాలున్నాయి. వాటిలో సాలిస్‌బరీవి వెతకండి. ఆల్‌ఫ్రెడ్ గోడ కట్టించే చిత్రంతోపాటు ఆయనది ఇంకోటి ఉంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1919 జులైలో సెయింట్ పాల్స్ చర్చి మెట్ల మీద రాజు, ప్రజలు కలిసి చేసిన కృతజ్ఞతా ప్రార్థన. ఆ బొమ్మ చూసి బయటికొచ్చి పావుగంట నడిస్తే ఆ మెట్ల మీదే నిలబడవచ్చు.

సెయింట్ పాల్స్ కథ అగ్నిప్రమాదంతో మొదలవుతుంది. 1666 సెప్టెంబరులో ఒక రొట్టెల దుకాణంలో పుట్టిన మంట నాలుగు రోజులు ఊరిని తినేసింది. పదమూడు వేలకు పైగా ఇళ్లు, 87 చర్చిలు బూడిదయ్యాయి. కాలిన పాత చర్చి స్థానంలో క్రిస్టఫర్ రెన్ అనే వాస్తుశిల్పి 1675లో కొత్తది మొదలుపెట్టి 1710కి ముగించాడు. నేల నుంచి శిఖరం మీది సిలువ దాకా 365 అడుగులు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ బాంబులకు చుట్టూ వీధులన్నీ కూలినా ఈ గుమ్మటం నిలిచింది. మన మెదక్ చర్చి శిఖరం 175 అడుగులు, 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువుకాలంలో మన చుట్టుపక్కల పల్లెల జనం రాళ్లు మోసి, కూలి తీసుకుని పొట్ట పోసుకున్నది ఆ కట్టడం మీదే. రెన్ సమాధి సెయింట్ పాల్స్ నేలమాళిగలో ఉంది, పేరు చెక్కి ఉంది. మన చర్చికి రాళ్లు మోసినవారి పేర్లు గోడ మీద లేవు. ఏ ఇంట్లోనైనా ముసలివాళ్లకు మా తాత ఆ పనికి పోయిండు అన్న జ్ఞాపకం ఉంటే, దయచేసి ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి.

సెయింట్ పాల్స్ ముందునుంచి థేమ్స్ నది వైపు దిగితే సన్నటి ఉక్కు వంతెన. 2000లో కట్టిన నడక వంతెన అది, బళ్లు పోవు. దాటి అవతల చూస్తే ఇటుకలతో కట్టిన ఎత్తైన పొగగొట్టం. ఒకనాటి కరెంటు కర్మాగారం. 1981లో మూతపడింది, 2000లో టేట్ మోడర్న్ అనే కళల మ్యూజియంగా తెరిచారు. టర్బైన్లు తిరిగిన హాలును అలాగే ఖాళీగా ఉంచి, అందులో ఆధునిక కళాకారుల పనులు పెడతారు. ఆ కళ అర్థం కాకపోయినా ఇబ్బంది పడవద్దు. ఆ హాలు ఎత్తు చూడటానికైనా లోపలికి పోవాలి, టికెట్టు లేదు. మూతపడ్డ ఫ్యాక్టరీని పడగొట్టి స్థలం అమ్ముకోవటం తేలిక. వాళ్లు ఆ పని చేయలేదు, అందుకు ఆ ఊరిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

వంతెన మీద నిలబడ్డప్పుడు నీళ్లు కూడా గమనించండి. థేమ్స్‌కు సముద్రపు పోటు వస్తుంది. రోజుకు రెండుసార్లు నీటిమట్టం లేచి పడుతుంది. ఒక్కోసారి తేడా ఏడు మీటర్ల దాకా ఉంటుంది. ఉదయం ఒడ్డును ఒరుసుకుని పారిన నది మధ్యాహ్నానికి గులకరాళ్ల నేల బయటపెట్టి లోపలికి తగ్గుతుంది. ఆ నేల మీద పాతకాలపు మట్టికుండల పెంకులు, చుట్టగొట్టం ముక్కలు కనిపిస్తాయి. వాటిని వెతకాలన్నా ఏరుకోవాలన్నా అనుమతి కావాలి. మంజీరలో వానలు పడితేనో సింగూరు డ్యామ్ గేట్లు ఎత్తితేనో వచ్చే నీరు చూసి పెరిగిన కంటికి ఇది వింతే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన చోటికి వస్తాను. బ్రిటిష్ మ్యూజియం. 1759లో జనానికి తలుపులు తెరిచింది, ఈనాటికీ ప్రవేశం ఉచితం. ఈజిప్టు శవపేటికల దగ్గర జాతరలా ఉంటుంది. మనవాళ్లు కూడా అక్కడే రెండు గంటలు గడిపి, కాళ్లు నొప్పులు పుట్టి, బెంచీ మీద కూలబడతారు. నా మాట విని, ఓపిక ఉండగానే ముందు 33వ నంబరు హాలు దారి అడగండి. చైనా, భారతదేశం వస్తువులున్న పొడవాటి హాలది. దానికి ఆనుకుని 33ఎ గది. అక్కడున్నవి మన అమరావతి బౌద్ధ స్తూపపు రాళ్లు.

పల్నాడు ప్రాంతపు లేత ఆకుపచ్చ, బూడిదరంగు కలిసిన సున్నపురాయి అది. ఒకప్పుడు పాలరాయి అనుకున్నారు కాబట్టి అమరావతి మార్బుల్స్ అన్న పేరు స్థిరపడింది. 120కి పైగా శిల్పాలు. వాటి ప్రయాణం వింటే మనసు కలుక్కుమంటుంది. 1790లలో అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త ఊరు కట్టిస్తూ రాళ్ల కోసం ఆ స్తూపపు దిబ్బ తవ్వించారు. ఆ సంగతి విని 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్లీ 1816లో వచ్చి తన మనుషులచేత ఒక్కో శిల్పానికి బొమ్మలు గీయించాడు. 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా రాళ్లను మద్రాసుకు పంపాడు. అక్కడ ఏళ్లతరబడి ఎండకు ఎండి వానకు తడిసి, 1859లో ఓడెక్కాయి. లండన్ చేరాకైనా మర్యాద దొరికిందా అంటే, అదీ లేదు. 1867 ప్రాంతంలో జేమ్స్ ఫెర్గూసన్ అనే చరిత్రకారుడు వెతుక్కుంటూ పోతే అవి ఇండియా మ్యూజియం వారి బగ్గీలు పెట్టే కొట్టంలో పడి ఉన్నాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. తేమ, వేడి అదుపులో ఉండే ఇప్పటి గది 1992లో వచ్చింది.

ఆ గదిలో ఒక పలక దగ్గర మాత్రం తొందరపడకండి. సుమారు నాలుగడుగుల ఎత్తుంటుంది, రెండు వైపులా చెక్కడం ఉంది. ఒక వైపు క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దపు పని. చెట్టు కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన భక్తులు. బుద్ధుడి రూపం లేదు. ఆ కాలంలో ఆయన్ను మనిషి బొమ్మగా చెక్కేవారు కాదు. ఆసనం, చెట్టు, పాదాల గుర్తులతోనే ఆయన అక్కడున్నట్టు చూపేవారు. చుట్టూ తిరిగి రెండో వైపు చూస్తే, మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాతి శిల్పి అదే రాయిని తిరగేసి, అమరావతి మహాస్తూపాన్ని మొత్తంగా చెక్కాడు. గుండ్రని అండం, దాని మీద పూలదండల చెక్కడాలు, ద్వారం దగ్గర సింహాలు, నిలువుగా అయిదు ఆయక స్తంభాలు. ఆ స్తూపం నేల మీద ఇప్పుడు లేదు. అది ఎలా ఉండేదో మనకు తెలిసేది ఇలాంటి పలకల వల్లనే. తాతల నాటి రాయిని పారేయకుండా రెండో వైపు వాడుకున్న ఆ శిల్పిని, ఆయన మేధను తలుచుకుంటూ నేను చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

ఈ రాళ్లు అక్కడ ఉండటం నాకు సమ్మతం కాదు. అవి కృష్ణ ఒడ్డున పుట్టినవి, కృష్ణ ఒడ్డుకు రావాలి. ఆ మాట అడగవలసినవాళ్లు గట్టిగా అడగాలి. కానీ అంతవరకూ లండన్ వెళ్లిన ప్రతి తెలుగు మనిషీ ఆ గదిలోకి వెళ్లాలి. మన పిల్లలు ఆ ఊళ్లో ఏళ్లతరబడి ఉంటూ ఆ గది గడప తొక్కకపోవటం నాకు బాధ కలిగిస్తుంది. మీ మనవడి చెయ్యి పట్టుకుని మీరే తీసుకెళ్లండి. జాతక కథల్లో ఒక్కటి మీకు తెలిసినా చాలు, రాయి మీద చూపిస్తూ చెప్పవచ్చు.

కోహినూర్ సంగతి అందరూ అడుగుతారు కాబట్టి చెప్పి ముందుకు పోతాను. టవర్ కోటలోని నగల గదిలో, 1937లో చేసిన ఒక రాణి కిరీటంలో ఉంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రం. చేతులు మారి మారి, 1849లో లాహోరు ఒప్పందంతో పసివాడైన దులీప్ సింగ్ మహారాజు దగ్గరనుంచి ఇంగ్లిషువాళ్లకు పోయింది. 1852లో మళ్లీ సానపట్టి 186 క్యారెట్ల రాయిని 105కు తగ్గించారు. దాని ముందు కదిలే పట్టీ మీద నిలబెట్టి నిమిషంలో దాటించేస్తారు. టికెట్టు ఖరీదెక్కువ. కోట మధ్యలో ఉన్న తెల్లని బురుజు 1070లలో మొదలుపెట్టిన కట్టడం, దానికోసమైతే వెళ్లవచ్చు. వజ్రం కోసమే అయితే నేను అక్కర్లేదంటాను.

మెదక్‌వాళ్లకు ప్రత్యేకంగా ఇంకో చోటు చెప్పాలి. మన చర్చి కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1895లో సికింద్రాబాదుకు వచ్చి, తర్వాత మెదక్‌లో స్థిరపడ్డాడు. ఆయన సంఘానికి మూలపురుషుడు జాన్ వెస్లీ. లండన్‌లో సిటీ రోడ్డు మీద వెస్లీ 1778లో కట్టించిన ప్రార్థనామందిరం ఉంది. పక్కనే ఆయన నివసించిన, 1791లో కన్నుమూసిన ఇల్లు, వెనక తోటలో సమాధి. నిరాడంబరమైన చోటు. మన చర్చి విశాలతనూ, బ్రిటన్ నుంచి తెప్పించిన పలకలతో ఇటలీ మేస్త్రీలు పరిచిన మొజాయిక్ నేలనూ తలుచుకుంటే, ఇంత చిన్న గుడి నుంచి బయలుదేరిన సంఘం మన దగ్గర అంత పెద్దది కట్టిందా అని ఆశ్చర్యం వేస్తుంది. ఇక ఆ మిషనరీలు మన హైదరాబాదు ప్రాంతం నుంచి పంపిన ఉత్తరాలు, నివేదికలు బ్రిటిష్ మ్యూజియంకు దగ్గర్లోనే సోయాస్ అనే విశ్వవిద్యాలయ కళాశాల గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. చరిత్రలో పీజీ, పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలెవరైనా వింటుంటే గుర్తుపెట్టుకోండి. మెదక్ వందేళ్ల కిందటి జీవితం, కరువులు, బళ్లు, ఆసుపత్రి గురించి రాయదలచినవారికి అక్కడ చాలా పని ఉంది. చేసినవారు తక్కువ.

ఇక లండన్ ఉత్తరాన ప్రింరోజ్ హిల్ దగ్గర కింగ్ హెన్రీస్ రోడ్డులో 10వ నంబరు ఇల్లు చూడాలి. 1921-22లో బాబాసాహెబ్ అంబేద్కర్ చదువుకునే రోజుల్లో ఉన్న ఇల్లు. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొని స్మారకంగా తీర్చిదిద్దింది. ఇళ్ల వరసలో ఒక ఇల్లు, గోడకు గుండ్రటి నీలం పలక. పిల్లల్ని తప్పక తీసుకెళ్లండి.

పడమటగా కెన్సల్ గ్రీన్ అనే పెద్ద శ్మశానవాటిక ఉంది. 1833లో తెరిచారు. అక్కడ చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సమాధి ఉంది. 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి, తాళపత్రాలు ఏరి, పండితులకు జీతాలిచ్చి ప్రతులు రాయించి, 1829లో వేమన పద్యాలను అచ్చువేసి, నిఘంటువులు కట్టిన మనిషి. ఉద్యోగం చాలించి లండన్ వెళ్లాక కూడా అక్కడి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు చెప్పాడు. 1884 డిసెంబరు 12న అక్కడే పోయాడు. పెళ్లీపిల్లలూ లేరు. ఆయన పుణ్యాన మిగిలిన పుస్తకాలు మన ఇళ్లల్లో ఉన్నాయి. చెట్ల మధ్య పాత రాళ్ల వరసల్లో ఆ సమాధి వెతకటానికి కాస్త ఓపిక కావాలి. ముందే ఆఫీసులో అడిగి వెళ్లండి.

ఇలా వెళ్లి చూసి వచ్చి రాసినవాళ్లు మనకు కొత్త కాదు. పోతం జానకమ్మ రాఘవయ్య అనే తెలుగు ఇల్లాలు 1870ల తొలినాళ్లలో భర్తతో కలిసి మద్రాసు నుంచి ఓడలో ఇంగ్లండు వెళ్లింది. సముద్రం దాటితే కులం పోతుందని పెద్దవాళ్లు భయపెట్టే రోజులవి. తాను చూసినవి తెలుగులో రాసింది. ఆ రచన 1876లో మద్రాసులో ఇంగ్లిషు పుస్తకంగా వచ్చింది, పేరు పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్. విమానం లేదు, ఫోన్ లేదు, దారి చెప్పేవాడు లేడు. ఆమె ధైర్యం తలుచుకుంటే మనకు ఇప్పుడున్న సౌకర్యాలతో ఏ సాకూ చెల్లదు.

ఆ సౌకర్యాల గురించి రెండు మాటలు. హైదరాబాదు నుంచి లండన్‌కు నేరుగా విమానం ఉంది, పది గంటల పైచిలుకు ప్రయాణం. అక్కడ జూన్ నెలలో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు గూకదు, డిసెంబరులో నాలుగింటికే చీకటి. కాబట్టి ఊరు తిరగాలనుకునేవారు మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లటం మేలు. చేతిలో గొడుగు, కాళ్లకు మెత్తటి బూట్లు. చీరకు బూట్లేమిటని మొహమాటపడకండి, అక్కడ ఎవరూ చూడరు. ట్యూబు రైలు 1863లో మొదలైంది. ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు అదే, అప్పట్లో ఆవిరి ఇంజను లాగేది. పాతది కాబట్టి చాలా స్టేషన్లలో లిఫ్టు ఉండదు, మెట్లుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారు బస్సు పట్టుకోండి. 15వ నంబరు ఎర్రబస్సు టవర్ కోట దగ్గరనుంచి సెయింట్ పాల్స్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా పోతుంది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే పాత లండన్ సగం కూర్చునే చూడవచ్చు. బ్యాంకు కార్డు ఆనిస్తే టికెట్టు తెగుతుంది, ఒకరోజులో ఎన్నిసార్లు ఎక్కినా ఒక హద్దు దాటి డబ్బు కోయరు. 2022లో అక్కడ ఎలిజబెత్ లైను అని సరికొత్త రైలుమార్గం తెరిచారు. విశాలమైన స్టేషన్లు, లిఫ్టులు, అన్నీ ఉన్నాయి. అదే సంవత్సరం మన మెదక్‌కు కూడా అక్కన్నపేట నుంచి రైలు వచ్చింది. ఎన్ని ఏళ్లు ఎదురుచూశామో మనకు తెలుసు.

లండన్‌లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అద్దాల మేడలు కావు. 310 మీటర్ల షార్డ్ భవనాన్ని తల ఎత్తి చూశాను, సరే అనుకున్నాను. రోమన్ గోడ పక్కన నిలబెట్టిన ఒక మామూలు బోర్డు దగ్గర మాత్రం ఆగిపోయాను. ఏ వరస ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో బొమ్మవేసి రాశారు. స్కూలు పిల్లలు కింద కూర్చుని గోడను చూస్తూ గీసుకుంటున్నారు. మన మెదక్ ఖిల్లా మీద కాకతీయుల నాటి గోడలున్నాయి, ద్వారం మీద గండభేరుండం ఉంది, తర్వాత కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన మసీదు ఉంది, ధాన్యం కొట్లున్నాయి, ఫిరంగి ఉంది. టవర్ హిల్ గోడ ముక్క కంటే మన కొండ మీద చూడవలసింది ఎక్కువ. ఏ గోడ ఏ కాలానిదో చెప్పే బోర్డు ప్రతిచోటా ఉండాలి. రాళ్ల మీద పేర్లు చెక్కేవాళ్లను ఆపాలి. పురావస్తు శాఖ చేయవలసింది శాఖ చేయాలి. మనం చేయవలసింది కూడా ఉంది.

మెదక్‌లోని ఉపాధ్యాయులకు నా విన్నపం ఇది. ఈ ఏడాది మీ తరగతి పిల్లల్ని ఒక ఉదయం చర్చికి తీసుకెళ్లి, ఎండ కిటికీల మీద ఉండగా సాలిస్‌బరీ పేరు చెప్పి చూపించండి. ఇంకో రోజు కాగితాలు, పెన్సిళ్లు ఇచ్చి ఖిల్లా ఎక్కించి, ఒక్కొక్కరికి ఒక్కో గోడ గీయమనండి. లండన్‌లో పిల్లలున్న తల్లిదండ్రులు ఇవాళ రాత్రి ఫోన్ చేసినప్పుడు, అమరావతి గది చూశావా, బ్రౌన్ సమాధి ఎక్కడో తెలుసా అని అడగండి. చూసి వచ్చినవాళ్లు తెలుగులో నాలుగు పేజీలైనా రాసి, మన ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి.